దానియేలు గారు బిగించని తొట్టి

మొన్న ఇనుప సామాన్ల కొట్లో ఎవరో సఫేదా డబ్బా మూత తీశారు. పైపు మరల్లోంచి నీరు కారకుండా దారానికి పూసే తెల్లటి ముద్ద అది. ఆ వాసన తగలగానే, బేరం ఆడుతున్నదాన్ని ఆగిపోయాను. దానియేలు గారు వచ్చి పక్కన నిలబడ్డట్టే అనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆయన నాకు పరిచయమైంది నా మొదటి మనవరాలు పుట్టిన ఏడాది. నేను చదివింది మూడో తరగతి, అప్పట్లో చేసేది తట్ట మోసే కూలి. విజయవాడలో రిటైరైన లెక్చరరమ్మ గారు ఒకరు తాతల నాటి మేడ బాగు చేయిస్తున్నారు. మేడ మీద స్నానాల గదిలో నాలుగు కాళ్ల పోత ఇనుప తొట్టి ఉండేది. దాని అడుగున నీళ్లు పోయే కన్నానికి ఇప్పటి సామాను ఏదీ పట్టకపోతే, ప్లంబరు దానియేలు గారు ఆటోనగర్‌లో ఇత్తడి బిగింపు కొత్తగా చేయించి తెచ్చారు. సరిగ్గా తొట్టి కిందే అమ్మగారి పుస్తకాల గది. "ఒక్క చుక్క కారినా దీన్ని పాత ఇనుముకు పంపేస్తానండీ" అన్నారావిడ.

గోడ వైపు జాయింటుకు ఆయన చెయ్యి దూరలేదు. నా చెయ్యి సన్నం. "రత్తమ్మా, దారం నువ్వు చుట్టు" అన్నారు. తాపీ మేస్త్రి పగలబడి నవ్వాడు. "ఆడకూలీతో జాయింటా! కారిందంటే రేపట్నుంచి తట్ట మీరే మొయ్యాలి." "కారకపోతే రత్తమ్మ ఇంక తట్ట మొయ్యదు. నా దగ్గరే పని" అన్నారాయన. తట్ట మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడి కాయ కాసినదాన్ని, ఆ మాటకు నెత్తి మీది చుట్టగుడ్డ తీసి పక్కన పెట్టాను.

మొదటిసారి తప్పు చుట్టాను. కోప్పడలేదు, మొత్తం విప్పించారు. "బిగించేటప్పుడు ఎటు తిప్పుతామో అటే చుట్టాలమ్మా. ఎదురు చుడితే ఊడొచ్చుద్ది." విప్పిన దారం పారెయ్యడానికి నేను ఒప్పుకోలేదు. బాగున్నంత మేర మళ్లీ వాడాను.

తొట్టి నిండా నీళ్లు పట్టి, జాయింటు కింద పొడి పేపరు పరిచాం. మండుటెండల రోజులు. వంగి వంగి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి పేపరు మీద తడి మచ్చ! "అయిపోయింది, బండి పిలవండమ్మా" అని కేకేశాడు మేస్త్రి. అమ్మగారు గబగబా మెట్లెక్కి వచ్చారు. దానియేలు గారు ఆ తడిలో వేలు అద్ది నాలుకకు రాసుకున్నారు.

"కృష్ణ నీళ్లు ఉప్పగా ఉండవండి. ఇది రత్తమ్మ చెమట. అవతల కూర్చో తల్లీ, కారేది నువ్వే!"

పేపరు మార్చారు. సాయంత్రం దాకా పొడిగానే ఉంది. ఆఖరికి మేస్త్రి కూడా వంగి తడిమి, పొడి చెయ్యి చూసుకుంటూ లేచాడు.

"ఎంత బాగా బిగించారండీ" అన్నారు అమ్మగారు. దానియేలు గారు పక్కకు తప్పుకున్నారు. "చేసినావిడ ఇదిగోనండి. ఆవిడతో చెప్పండి."

"నేనేనండి, రత్తమ్మని" అన్నాను. గొంతు మేడంతా వినపడింది.

మర్నాడు రెంచితో పనికి వెళ్లాను. తట్ట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. నా నోరు మంచిది కాదు, మూరెడు దారం వృథా చేసినా ఊరుకోను. కానీ ఇంటివాళ్లు పని బాగుందంటూ నా వైపు చూస్తే మాత్రం, గోడ వారగా జరిగి, చేసినావిడ ముందుకు రావడానికి దారిస్తాను.