గోడ మీద మిగిలిన నాలుగు చీటీలు

ఆ సెమిస్టరులో పోయినవి ఇవీ: మూడో విడతలో తొమ్మిది పాయింట్లు, గోడ మీద పూర్తికాని నాలుగు చీటీలు, ఐదుగురి జట్టులో ఒక అమ్మాయి.

నేను కర్నూలులో ఎంబీఏ పిల్లలకు ప్రాజెక్టులు నడిపే ఎజైల్ పద్ధతి చెబుతాను. సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్సులో లెక్కలు చూసే రోజుల్లో పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నదే. పని రెండేసి వారాల విడతలుగా సాగుతుంది. ప్రతి పనికీ గోడ మీద ఒక చీటీ, కష్టాన్ని బట్టి దానికి పాయింట్లు. రోజూ తొమ్మిదింబావుకు జట్టంతా నిలబడి పదిహేను నిమిషాల్లో చెప్పాలి: నిన్న ఏం చేశాం, ఈరోజు ఏం చేస్తాం, అడ్డం ఏమిటి. అడ్డం తొలగించడం నా వంతు అని మొదటి క్లాసులో బోర్డు మీద నేనే రాశాను.

ఆ జట్టు ఆలూరులో ఒక కిరాణా కొట్టుకు ఫోన్ ఆర్డర్ల ఏర్పాటు చేస్తోంది. కొట్టుకొచ్చే వాళ్లతో మాట్లాడే పనంతా జట్టులోని ఆ ఊరి అమ్మాయిది. మొదటి రెండు విడతల్లో జట్టు ఇరవై మూడేసి పాయింట్లు చేసింది.

మూడో విడత మొదటి రోజు ఆమె వంతు వచ్చింది.

"అడ్డం ఒకటుండాది సార్. మావోళ్లు సుగ్గికి పోతాండారు. అమ్మకు నడుము పట్టింది, ఆమె బదులు నేను పోవాల."

పంటలు లేని ఊళ్లవాళ్లు గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోవడమే సుగ్గి.

"కాయలు కోసేదానికి ఎన్ని పాయింట్లో అడుగు మే," అన్నాడు జట్టులో ఒకడు. అందరూ నవ్వారు, ఆమె కూడా. నేను గడియారం చూశాను. పదిహేను నిమిషాల్లో పన్నెండు అయిపోయాయి.

"అది ఇంటి సంగతమ్మా. ప్రాజెక్టుకు అడ్డమేమిటో చెప్పు," అన్నాను.

"అట్లయితే ఏం లేదు సార్."

మర్నాటి నుంచి రాలేదు. ఆ విడతలో జట్టు పద్నాలుగే చేసింది. ఇరవై మూడులోంచి తీసివేశాక గానీ ఆమె ఎంత మోసేదో నాకు తెలియలేదు. ఫోన్‌లో చేయగల పనులు ఆమెకిచ్చి, హాజరు గురించి పైవాళ్లను అడిగి ఉండొచ్చన్నదీ అప్పుడే తట్టింది. ఫోన్ చేశాను. "హాజరు సాలదు గదా సార్, ఇంగ వచ్చి ఏం జేసేది?" అంది. కోపంగా అనలేదు.

ఆమెను పరీక్షకు రానివ్వలేదు. మరుసటి ఏడూ తిరిగి రాలేదు. ప్రాజెక్టుకు విడతకు పది మార్కులు. మొదటి దాంట్లో ఆమెకు తొమ్మిది, రెండో దాంట్లో ఎనిమిది వేశాను. పరీక్ష రాయనివాళ్ల మార్కులు ఎక్కించే వీలు లేదు కాబట్టి అవి నా నోటుబుక్కులోనే ఉన్నాయి. నేను ఆమెకు ఇవ్వాల్సినవి ఇప్పటికీ పదిహేడు.