కుప్పయ్య కొన్న నీలిచేప

నగరిలో నూలుకు రంగులద్దే కుప్పయ్య చేతులు చూసి, ఆ వారం ఏ రంగు చీరలు మగ్గమెక్కుతున్నాయో చెప్పేసేవాళ్లు. మోచేతుల దాకా ఆ రంగే. పెళ్లిఫొటోలో కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఎవరి జోలికీ పోడు. వీధిలో మంచివాడెవడంటే అందరూ అతని పేరే చెప్పేవాళ్లు. ఆ మంచితనమే అతని కొంప ముంచింది.

ఒకప్పుడు రంగుతొట్లు కడిగిన నీళ్లు వీధి కాలవలోకే పోయేవి. గంగమ్మ జాతరలో అమ్మవారి ఊరేగింపు ఆ వీధినే రావాలి. ఒక ఏడు మోసేవాళ్ల కాళ్లకు ఎర్రనీళ్లు అంటుకున్నాయి. పెద్దలు మొహాలు చిట్లించారు గానీ కుప్పయ్యను పల్లెత్తు మాటనలేదు. అనకముందే అతను సిగ్గుతో చచ్చిపోయాడు. జాతర ముగిసిన వారానికల్లా ఇంటి వెనక, బావికి పదడుగుల దూరాన, నిలువెత్తు గుంత తవ్వి ఆ నీళ్లన్నీ అందులోకి మళ్లించాడు. ఎన్ని కడవలు పోసినా గుంత నిండేది కాదు. పొద్దున పోసింది సాయంత్రానికి ఇంకిపోయేది.

"అంతా భూమే తాగేస్తాండాది," అని పెళ్లాం దేవకమ్మతో చెప్పి సంబరపడ్డాడు. కుప్పయ్యను చూసి నేర్చుకోమని పెద్దలు మిగతా అద్దకంవాళ్లకు బుద్ధులు చెప్పారు. బయట పల్లకి మోత అంటే ఇదే. ఇంట్లో ఈగల మోత తర్వాత మొదలైంది.

గుంత తవ్విన మూడేళ్లకు వాళ్ల కొడుకు కోదండం, ఐదేళ్లవాడు, కడుపునొప్పి, వాంతులు పట్టుకుని వారంలో పోయాడు. ఆ ఏడు జాతర నాటికి దేవకమ్మ ముట్టయి, అమ్మవారికి పొంగలి పెట్టలేకపోయింది. గంగమ్మ తల్లి కోపమే బిడ్డను తీసుకుపోయిందని వీధి ఆడవాళ్లు తీర్పు చెప్పేశారు. దేవకమ్మ ఆ మాట నమ్మింది. అప్పటి నుంచి తలలో పువ్వు పెట్టలేదు, మంగళవారం ఒక్కపొద్దు మానలేదు. కుప్పయ్య ఆ మాటను అవునని అనలేదు, కాదని ఆమెను ఓదార్చనూ లేదు. మంచివాళ్ల దగ్గర ఈ రోగమొకటి ఉంటుంది.

మరో రెండేళ్లకు, ఎనభై రెండులో, ఆరేళ్ల కూతురు మునిలక్ష్మికి కూడా అదే కడుపునొప్పి మొదలైంది. తిన్నది ఒంటబట్టదు. పెదాలు నల్లబడ్డాయి. ఉన్న ఒక్క బిడ్డ కూడా దక్కదేమోనని కుప్పయ్యకు గుండెల్లో రాయి పడింది. దాన్ని భుజానేసుకుని తిరుపతి బస్సెక్కాడు.

అక్కడ డాక్టరు టానిక్కు రాసి, నీళ్లు కాచి చల్లార్చి తాపమన్నాడు. రెండు నెలలు ఎండలో ఆడనివ్వొద్దన్నాడు.

"ఇంట్లో నాతో ఎవురు ఆడతారు నాయనా?" అంది మునిలక్ష్మి, తండ్రి మెట్లు దిగుతుంటే.

బస్టాండుకు పోయే దారిలో, గోడ పక్కన బల్ల మీద గాజుసీసాలు పెట్టుకుని ఒకడు చేపలమ్ముతున్నాడు. పేరు చిన్నబ్బ. మద్రాసు నుంచి రైల్లో తెస్తాడు. మునిలక్ష్మి తండ్రి భుజం మీద తల పైకెత్తింది. నెల రోజుల్లో అది దేని కోసమూ అట్లా తల ఎత్తలేదు. చూపు ఎర్రచేపల మీద పడింది.

"వాటి జోలికి పోవద్దప్పా," అన్నాడు చిన్నబ్బ, బేరం పోతుందని కూడా చూసుకోకుండా. "బంగారు చేపంటారు గానీ వట్టి తిండిపోతు. తిన్నదంతా నీళ్లలోనే ఇడుస్తాది. పెద్ద తొట్టి గావాల, గాలి కొట్టే మిషను గావాల. బిడ్డకు మొదటి చేపంటే ఇదో, ఈ ఫైటరు. పైకొచ్చి మన మాదిరే గాలి పీల్సుకుంటాది. ఒక సీసా సాలు. రెండు రూపాయలియ్యి."

"సచ్చిపోతే బిడ్డ తట్టుకోలేదప్పా."

"దీన్ని సంపడం శానా కష్టం. మడుగుల్లో, మురికిగుంతల్లో బతికే జాతి. దినానికి నాలుగు దోమపిల్లలెయ్యి. జత మాత్రం ఎయ్యొద్దు, కొట్టుకోని సస్తాయి. నాలుగు దినాలకోతూరి సగం నీళ్లు మార్సు. కొళాయి నీళ్లయితే ఒకదినం నిలవబెట్టి పొయ్యి. బావినీళ్లయితే ఆ బాధ గూడా లేదు."

మునిలక్ష్మి నీలిదాన్ని చూపించింది. ఇరవై ఏళ్లుగా రంగుల్లో మునిగి తేలుతున్న కుప్పయ్య, ఆ నీలం ఏ తొట్టిలో ముంచినా రాదని అనుకున్నాడు. బస్సులో బిడ్డ సీసాను ఒళ్లో నుంచి దించలేదు.

మర్నాడు దోమపిల్లల కోసం పెరట్లో వెతికాడు. బావినీళ్లు నిలవున్న రాతితొట్టిలో ఒక్కటి కూడా లేదు. మన ఇల్లు ఎంత శుభ్రమో అని పొంగిపోయి, నాలుగిళ్ల అవతల మునెమ్మ తొట్టిలో గుడ్డతో వడకట్టుకొచ్చాడు. చేప గబుక్కున పైకొచ్చి మింగింది. మునిలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు కోసం రోజూ మునెమ్మ ఇంటికి పోయాడు.

నాలుగో రోజు, చిన్నబ్బ చెప్పినట్టే, సగం నీళ్లు తీసి బావినీళ్లు పోశాడు. తెల్లారి చూస్తే చేప సీసా అడుగున వెల్లకిలా పడి ఉంది. మునిలక్ష్మి ఏడవలేదు. "కోదండం మాదిరే," అని అటు తిరిగి పడుకుంది. కుప్పయ్య తన చేతులు చూసుకున్నాడు. ఈ రంగే నీళ్లలోకి దిగి ఉంటుందని అనుకున్నాడు.

ఆ సీసా నీళ్లు పారబోసి, బావినీళ్లే కొత్తగా నింపుకుని తిరుపతి పోయాడు, ఇంకో చేపను అందులో తెచ్చుకుందామని. సంగతి విన్న చిన్నబ్బ నమ్మలేదు. ఎందుకూ కొరగాని బుల్లిచేపనొకదాన్ని తీసి ఆ సీసాలో వేశాడు. ఇద్దరూ టీ తెప్పించుకున్నారు. గ్లాసు సగం కాకముందే చేప పక్కకు ఒరిగింది. ఆ తర్వాత కదల్లేదు.

"యాడివప్పా ఈ నీళ్లు?"

"మా బావివి."

"బావిలో చేపలుండాయా?"

"ఉన్న్యాయి. పాసి తింటాయని మా నాయన ఏసినాడు. ఎండాకాలం నీళ్లు తగ్గి పోయినాయనుకున్న్యా."

"ఎప్పుడు పోయినాయి?"

కుప్పయ్య చెప్పబోయి ఆగిపోయాడు. గుంత తవ్విన ఏడే పోయాయి. ఆ ఏటి నుంచే తొట్టిలో దోమపిల్లలు లేవు. భూమి తాగేస్తున్నదని మురిసిపోయాడు గానీ, తాగి ఎక్కడ దాచుకుంటుందని ఒక్కనాడూ అడగలేదు.

"తాగేది గూడా ఇయ్యేనా?" అన్నాడు చిన్నబ్బ, మెల్లగా.

కుప్పయ్య చేప కొనలేదు. సీసా అక్కడే వదిలేసి బస్సుకు పరిగెత్తాడు. ఇల్లు చేరేసరికి దేవకమ్మ, డాక్టరు చెప్పింది చెప్పినట్టు, కాచిన నీళ్లను రెండు గ్లాసుల్లో తిరగబోసి చల్లార్చి బిడ్డ నోటికి పెడుతోంది. గ్లాసు లాగి పెరట్లోకి విసిరేశాడు. బిడ్డ జడుసుకుంది.

"ఈ నీళ్లు మంచివి గాదు మే," అన్నాడు.

మర్నాడు గుంత పూడ్చాడు. అద్దకం మానేసి కూలికి మగ్గం నేయడానికి కుదిరాడు. తాగే నీళ్లు రైల్వేస్టేషను అవతలి కొళాయి నుంచి కావడితో మోశాడు. నెల తిరిగేసరికి మునిలక్ష్మి గిన్నె ఖాళీ చేసింది. మూడో నెలకు పెదాలకు ఎరుపొచ్చింది, వీధిలో తొక్కుడుబిళ్ల ఆడింది.

దేవకమ్మ మాత్రం ఒక్కపొద్దులు మానలేదు. బిడ్డ లేచి తిరగడం గంగమ్మ చలవేనని శుక్రవారం ఒక్కపొద్దు కూడా మొక్కుకుంది. పస్తుతో కళ్లు లోతుకుపోయిన ఆ మనిషిని చూసి కుప్పయ్యకు బతుకు మీద రోత పుట్టింది. తప్పు తనదై శిక్ష ఆమెదవుతుంటే ఎన్నాళ్లని నోరు మూసుకుంటాడు? ఒక సాయంత్రం మూర మల్లెపూలు ఆకులో కట్టించుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మే, నువ్వు పొంగలి పెట్టకపోతే గాదు. గంగమ్మ ఏం జెయ్యలా. నేను తవ్విన గుంత నీళ్లు బావిలోకి దిగినాయి. కోదండం దాంతోనే పోయినాడు. నీ తప్పు రవ్వంత లేదు. పూలు పెట్టుకో."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే తన బరువు కొంత దిగేదేమో. దేవకమ్మ పూల ఆకును పక్కకు జరిపింది.

"వాడు ఆ వారమంతా దాహం దాహమన్నాడు," అంది. "వద్దు, బాగలేదు అన్నా, తాగు నాయనా అని చెంబులు చెంబులు పోసింది నేనే గదా."

పూలు ఆకులోనే వాడిపోయాయి.