తేజ ఫోల్డర్లో పడ్డ మెయిలు

మిరపకాయలు ఎగుమతి చేసే ఆఫీసులో పనంతా మిరపకాయలతోనే ఉంటుందనుకుని చేరాను నేను. చేరిన వారానికే తెలిసింది, కాయలకంటే వాటి గురించి వచ్చే మెయిళ్లే ఎక్కువని.

మా ఆఫీసు గుంటూరులో, మిర్చి యార్డు దాటాక కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉండే రోడ్డు మీద. వెనక పెద్ద గోడౌను. అక్కడ ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని కాయలకి తొడిమలు తీస్తుంటారు. ముందువైపు రెండు గదులు. ఒకటి నాది, శాంపిల్ రూము. వచ్చిన ప్రతి లాటు సరుకు నుంచీ పిడికెడు కాయలు కవర్లో పోసి, నంబరు రాసి, ర్యాకులో పెట్టడం నా పని. రెండో గదిలో కంప్యూటరు ముందు జక్రయ్య గారు ఉంటారు. మధ్యలో తలుపు లేదు కాబట్టి నేను తుమ్మితే ఆయన, ఆయన తుమ్మితే నేను "నూరేళ్లు" అంటాం.

జక్రయ్య గారిది అద్దంకి దగ్గర పల్లె. వాళ్లమ్మ ఆదెమ్మ పొగాకు గ్రేడింగు పనికి వెళ్లేది. కొడుకు ఎండలో పనిచేయకూడదని పట్టుబట్టి అద్దంకిలో టైపు ఇన్‌స్టిట్యూట్లో చేర్పించింది. టైపులో పెద్ద పరీక్ష, హయ్యరు, పాసయ్యేసరికి ఊళ్లో టైపు మిషన్లు మూలపడటం మొదలైంది. అప్పుడాయన గుంటూరు వచ్చి, రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఒక దస్తావేజు లేఖరి దగ్గర కంప్యూటరు మీద దస్తావేజులు కొట్టే పనిలో కుదిరారు. తూర్పున ఫలానా వారి పొలం, పడమర డొంక, ఇలా రోజంతా హద్దులు కొట్టడమే. అవే మాటలు వందసార్లు కొట్టలేక, వర్డ్‌లో రికార్డు బటన్ నొక్కి, మాటలన్నీ ఒకసారి కొట్టి, తర్వాత ఒక్క మీటతో రప్పించుకోవడం నేర్చుకున్నారు. మాక్రో అంటే అదే. ఆ లేఖరి గారు దాన్ని "జక్రయ్య మంత్రం" అనేవారట. ఆ కథ నాకు చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

అక్కణ్నుంచే ఆయన మా కంపెనీకి వచ్చారు. యజమాని ప్రేమ్‌చంద్ గారు. నలభై లోపు మనిషి, మాట గట్టిది, మనసు మంచిది. మూడేళ్ల కిందట సీజన్లో ఒకరోజు, పోర్టు నుంచి ఫోను వచ్చింది. ఒక లాటు ల్యాబ్ రిపోర్టు వెంటనే పంపాలన్నారు. ఆ రిపోర్టు మెయిల్లో వచ్చి వారమైంది. కానీ ఇన్‌బాక్స్‌లో పదకొండు వేల మెయిళ్లున్నాయి. రేట్లడిగేవాళ్లవి, షిప్పింగు ఏజెంట్లవి, ల్యాబులవి, పండగ శుభాకాంక్షలు, అన్నీ ఒకే కుప్ప. జక్రయ్య గారు వెతికి తీసేసరికి గంటంపావు పట్టింది. అప్పటిదాకా ప్రేమ్‌చంద్ గారు ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు.

"జక్రయ్య గారూ, ఇలా అయితే కష్టమండి. దేనికదే వేరుగా పెట్టలేమా?"

"పెట్టొచ్చు సార్. కానీ రోజుకి రెండొందలు వస్తున్నాయి. చేత్తో పెట్టుకుంటూ పోతే ఇంకో పని చెయ్యలేను. దాని చేతే పెట్టించాలి," అన్నారు జక్రయ్య గారు కంప్యూటర్ని చూపించి.

అలా అనేశారు గానీ, మెయిల్లో రికార్డు బటన్ లేదు. అక్కడ మాక్రో కావాలంటే అక్షరం అక్షరం మనమే రాసుకోవాలి. యాభై నాలుగేళ్ల వయసులో ఆయన రూళ్ల నోటుబుక్కు కొనుక్కుని మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనం క్యారేజీ పది నిమిషాల్లో ముగించి, మిగతా అరగంట యూట్యూబులో పాఠాలు చూసేవారు. చెప్పేవాడు హిందీలో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా, మాటలు వదిలేసి తెర మీద ఏం కొడుతున్నాడో అదే నోటుబుక్కులో ఎక్కించుకునేవారు. టైపిస్టు కదా, కామా తప్పయితే ఇట్టే పట్టేసేవారు.

నెల రోజులకి మొదటి మాక్రో తయారైంది. ల్యాబు నుంచి వచ్చిన నలభై మెయిళ్లు ఒక చోట పెట్టి, నన్ను పిలిచి, "చూడమ్మా కోటేశ్వరీ" అని మీట నొక్కారు. మెయిళ్లు టకటకా కదిలాయి. ఆగేసరికి ఇరవై వెళ్లి, ఇరవై మిగిలాయి.

మళ్లీ నొక్కారు. పది మిగిలాయి. మళ్లీ నొక్కితే ఐదు.

"నొక్కినప్పుడల్లా సగమే తీసుకెళ్తోంది. దీనికేమైనా రోగమా?" అన్నారు. తర్వాత వారం రోజులు ఆ నోటుబుక్కు తెరవడం, మూయడం, తెరవడం.

ఒక మధ్యాహ్నం ఏదో లాటు నంబరు అడగడానికి నా గదిలోకి వచ్చారు. నా ర్యాకు కాస్త ముందుకి వాలుగా ఉంటుంది. కవర్లు వరసగా నిలబెడితే, ముందుది తీయగానే వెనకవి జారి ముందుకొస్తాయి. పాత శాంపిళ్లు ఏరి పారేస్తున్నాను. ఆయన అడగాల్సింది మానేసి నా చేతుల వంక చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా, ఇప్పుడు మూడో కవరు తీశావు కదా. నాలుగోది ఎక్కడికొచ్చింది?"

"మూడో దాని చోటికి జారింది."

"నువ్వు మూడో చోటు చూసేశాననుకుని నాలుగో చోటుకి పోయావనుకో. అక్కడేముంటుంది?"

"ఐదోది."

"మరి నాలుగోది?"

"చూడకుండానే వదిలేసినట్టండి," అన్నాను.

ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకున్నారు. "ఒకటి తీసి ఒకటి దాటేస్తోందమ్మా! అందుకే సగం. ముందు నుంచి కాదు, చివర నుంచి తీసుకురావాలి. చివరది తీస్తే ఏదీ జరగదు!" అంటూ తన గదిలోకి పరిగెత్తారు. నిజంగానే పరిగెత్తారు, చెప్పు ఒకటి నా గదిలోనే ఉండిపోయింది.

ఒకే ఒక్క వరస మార్చారట. నలభైకి నలభై వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం గోడౌన్లో వాళ్లందరికీ కూడా ఆయనే పునుగులు తెప్పించారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, కానీ అందరూ తిన్నారు.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. షిప్పింగుకొక ఫోల్డరు, ల్యాబుకొకటి, మిర్చి రకానికొకటి. మెయిలు పైన బ్యాడిగి అన్న మాటుంటే బ్యాడిగిలోకి, తేజ అన్న మాటుంటే తేజలోకి. మా దగ్గర తేజ రకానికే గిరాకీ ఎక్కువ, అందుకని ఆ ఫోల్డరు అన్నిటికంటే లావుగా ఉండేది. అందులో వచ్చేవి దాదాపు అన్నీ రేట్లడిగే మెయిళ్లే కాబట్టి, రెండు వారాలకోసారి తీరిగ్గా చూసేవారు. ప్రేమ్‌చంద్ గారు ఏ రిపోర్టు అడిగినా నిమిషంలో ఇచ్చేవారు. ఆ సీజనంతా ఆఫీసులో కేకలు వినబడలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక ఉదయం పదింటికి గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. బెంగళూరులో మసాలా పొడులు చేసే ఒక పెద్ద కంపెనీ నుంచి ముగ్గురు దిగారు. వాళ్లు మా దగ్గర కొనాలా వద్దా అని గోడౌను చూసి తేల్చుకోవడానికి వచ్చారు. ఆ కంపెనీ కోసం ప్రేమ్‌చంద్ గారు ఏడాదిగా తిరుగుతున్నారు. కానీ వాళ్లు ఆ రోజు వస్తున్నట్టు ఆఫీసులో ఒక్కరికీ తెలీదు. ఆ టైముకి గోడౌన్లో కాయలు కుప్పలుగా ఉన్నాయి, ఆడవాళ్లలో సగం మందికి తల టోపీలు లేవు, చేతులు కడుక్కునే చోట నీళ్లు రావడం లేదు.

ప్రేమ్‌చంద్ గారు గబగబా ఎదురెళ్లారు. "మేడమ్, మాకు ముందుగా చెప్పి ఉంటే..." అన్నారు.

వచ్చినవాళ్లలో పెద్దావిడ ఫోను తీసి చూపించింది. "పదకొండు రోజుల కింద మెయిలు పెట్టానండి. తర్వాత రెండుసార్లు గుర్తు చేశాను. అందలేదా?"

"లేదండీ, మాకు రాలేదు. మా నెట్..." అని ప్రేమ్‌చంద్ గారు మొదలుపెట్టారు.

ఈలోగా జక్రయ్య గారు గదిలోంచి వచ్చి ఆవిడ ఫోనులో పేరు చూసి, వెనక్కెళ్లి తన కంప్యూటర్లో వెతికి, మళ్లీ బయటికొచ్చారు. "వచ్చాయి సార్. మూడూ వచ్చాయి. నా వల్లే ఎవరికీ కనబడలేదు."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మాట ఆపలేదు.

"మేడమ్, మీ పేరు తేజస్విని. మెయిలు పైన మీ పేరు రాశారు. నేను రాసిన మాక్రో అందులో 'తేజ' అన్న ముక్క చూసి, మిమ్మల్ని తీసుకెళ్లి మిరపకాయల రేట్ల ఫోల్డర్లో పడేసింది. తప్పు దానిది కాదు, నాదే."

ఆవిడ పెద్దగా నవ్వేసింది. "అయితే పదకొండు రోజులుగా నేను మీ తేజ కాయల మధ్య ఉన్నానన్నమాట!"

మాకెవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. ఆవిడే అంది, "పదండి, ఎలాగూ వచ్చాం కదా. ఉన్నది ఉన్నట్టు చూస్తాం."

చూశారు, రెండు గంటలు. నా శాంపిల్ ర్యాకు దగ్గర ఎక్కువసేపు నిలబడి, నాలుగు నంబర్లు చెప్పి తీయమన్నారు. నాలుగూ తీసిచ్చాను. ఆ నాలుగు లాట్ల రిపోర్టులు అడిగితే, జక్రయ్య గారు వాళ్లు నీళ్లు తాగేలోపు ప్రింటు తీసి ఇచ్చారు. వెళ్లేటప్పుడు ఆవిడ తొమ్మిది లోపాలు రాసిచ్చి, నెలన్నరలో దిద్దుకుంటే మళ్లీ వస్తామని చెప్పింది.

కారు గేటు దాటాక ప్రేమ్‌చంద్ గారు జక్రయ్య గారి గదిలోకి వచ్చారు. "ఆ మాక్రోలన్నీ తీసెయ్యండి. చేత్తోనే చూడండి," అన్నారు. అంతే అని వెళ్లిపోయారు.

జక్రయ్య గారు తీసేశారు. పద్దెనిమిది రోజులు చేత్తో సర్దారు. ఏ మెయిలూ పోకూడదని ప్రతి ఒక్కటీ మొదట్నుంచి చివరిదాకా చదివేవారు. కళ్లు ఎర్రబడేవి. నేను టీ తీసుకెళ్తే పక్కన పెట్టమనేవారు, అది అక్కడే చల్లారేది. పంతొమ్మిదో రోజు, చేత్తో సర్దుతూనే, ఒక షిప్పింగు మెయిలు పొరపాటున వేరే ఫోల్డర్లో వేశారు. ఆ సాయంత్రం అది దొరికాక ప్రేమ్‌చంద్ గారి దగ్గరికి స్వయంగా వెళ్లారు. గోడకి చెవి పెట్టక్కర్లేదు, మా ఆఫీసులో అన్నీ వినబడతాయి.

"సార్, చేత్తో చేసినా తప్పు జరుగుతోంది. మాక్రో మళ్లీ రాస్తానండి, ఈసారి వేరేలా. అనుమానం ఉన్నది దేన్నీ అది ముట్టుకోదు. పంపినవాళ్లు మనకి తెలిసినవాళ్లై, పైన లాటు నంబరు కూడా ఉంటేనే కదుపుతుంది. మిగిలినవన్నీ నా ముందే ఉంటాయి. కదిపిన వాటి జాబితా రోజూ సాయంత్రం మీకిస్తుంది. నా మీద నమ్మకం లేకపోతే మీరే చూసుకోవచ్చు."

ప్రేమ్‌చంద్ గారి గొంతు వినబడింది. "నమ్మకం లేకేం కాదండి. ఆ రోజు నేను నెట్ మీదికి నెట్టబోతుంటే మీరు వచ్చి చెప్పారు చూశారా... నాకే సిగ్గేసింది. అందుకే కోపమొచ్చింది. రాయండి."

పది రోజుల్లో రాశారు. ఆ కొత్త మాక్రో రోజుకి నూటయాభై సర్దితే, యాభై ఆయన కోసం వదిలేస్తుంది. ఆ యాభై ఆయన నింపాదిగా చదువుతారు. నీళ్లు, టోపీలు, మిగతా ఏడు లోపాలు దిద్దుకున్నాక బెంగళూరు వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి మెయిలు ముందే చూశాం. ఇప్పుడు వాళ్లు మా దగ్గరే కొంటున్నారు.

జక్రయ్య గారు ఇప్పుడు రోజూ ఐదున్నరకి లేస్తారు కుర్చీలోంచి. వాళ్లావిడ మహిమ గారు చర్చిలో పాటల బృందానికి పెద్ద, బుధవారాలు ఆయన హార్మోనియం పట్టుకోవాలి. కిందటేడు ఎదురు కోల్డ్ స్టోరేజీలో పనిచేసే నగ్మా వచ్చి, "మా ఆఫీసులో కూడా ఇదే గొడవండి, నేర్పిస్తారా?" అని అడిగింది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు ఆమె వస్తుంది. మొన్న నేను కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి పాఠంలోనే నా మాక్రో ఇన్‌బాక్స్ మొత్తాన్ని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. నేను గుండె పట్టుకున్నాను.

"ఏం ఫర్వాలేదమ్మా," అన్నారాయన, చెత్తబుట్ట తెరిచి చూపిస్తూ. "అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇప్పుడు వీటిని వెనక్కి తేవడం రాద్దాం."

నగ్మా తన నోటుబుక్కు నా వైపు జరిపింది. ముగ్గురం మళ్లీ మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాం.