తలుపుల బాబాయి

బాబాయి దూరాన్ని కిలోమీటర్లలో కొలవడు, తలుపుల్లో కొలుస్తాడు. తలుపంటే మరుగుదొడ్డి తలుపు. "వంతెన ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే, "రెండు తలుపులు. రెండోదానికి గడియ పడదు, ఈల వేస్తూ కూర్చోవాలి," అంటాడు.

వృత్తికి దర్జీ, పరుగంటే పిచ్చి. కాళ్ళు ఎంత దూరమైనా పోతాయి. పోటీ అనేసరికి మాత్రం కడుపులో కుట్టుమిషను మొదలవుతుంది. ఇరవై ఏళ్ళలో ఆయన మధ్యలో ఆగకుండా ముగించిన పోటీ లేదు. అందుకే వారం ముందే దారి పొడవునా తిరిగి, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "ఆదివారం పొద్దున అవసరం పడితే మీ తలుపు తడతానండీ," అని అడిగి వస్తాడు. సరేనన్న వాళ్ళ గేటు మీద బట్టలు గీసే సుద్దతో చిన్న గీత. పొమ్మన్న వాళ్ళకీ నమస్కారం పెడతాడు, వచ్చే ఏడు మనసు మారొచ్చని.

"ఈసారి ఎన్ని, టైలరుగారూ?" అని జనం ఆటపట్టిస్తారు.

"నాలుగుతో సరిపెట్టుకుందామని ఉంది. తర్వాత దీని దయ," అని పొట్ట నిమురుకుంటాడు.

ఆయన అన్న కూతురు ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఆయన దుకాణంలోనే కాజాలు కుడుతుంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల. రోజూ పొద్దున్నే బాబాయితో పరిగెత్తీ పరిగెత్తీ, ఈ ఏడు ఇరవై ఒక్క కిలోమీటర్ల పోటీకి పేరిచ్చింది. ఇచ్చిన మర్నాటి నుంచీ తిన్నది కడుపులో నిలవలేదు.

"బాబాయ్, నీ జబ్బు నాకూ వచ్చింది. నేను రాను."

"కడుపుకేగా వచ్చింది, కాళ్ళకి కాదుగా!"

"దారిలో అందరూ చూస్తుండగా ఆగాల్సి వస్తే? సిగ్గుతో చచ్చిపోతాను."

బాబాయి మెడలో టేపు తీసి, మళ్ళీ వేసుకున్నాడు. "నీ పక్కనే ఉంటాలే. నాకెలాగూ ఆగక తప్పదు."

ఆదివారం ఏడో కిలోమీటరు దగ్గర ఆమె కడుపు మెలిపెట్టింది. నోరు తెరిచి చెప్పేలోపే, "అమ్మో, ఇక నావల్ల కాదు!" అని బాబాయి పొట్ట పట్టుకుని కేక పెట్టాడు. "అమ్మాయ్, ఆ బేకరీలోకెళ్ళి ఖాళీగా ఉందో లేదో చూడు!"

ఆమె లోపలికి పరిగెత్తింది. బయట వెళ్ళేవాళ్ళ నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

"అప్పుడే బోణీనా, టైలరుగారూ!"

"ఏం చెయ్యను, నా మాట వింటేగా!"

ఆమె బయటికొచ్చేసరికి, "నాది సర్దుకుంది, పద," అన్నాడు. పన్నెండో కిలోమీటరులో మందుల షాపు దగ్గరా అదే కేక, అదే సర్దుకోవడం. పదిహేడులో, సుద్ద గీత ఉన్న ఒక ఇంటావిడ ఆమెకు తువ్వాలు అందిస్తూ అంది: "బుధవారమే చెప్పి వెళ్ళాడమ్మా మీ బాబాయి, కొత్త సబ్బు పెట్టి ఉంచమని. ఈసారి తనకి కాదట, నీకట."

గేటు దాటగానే ఆమె నిలదీసింది. "మరి నీ కడుపో?"

"నీ కడుపు గురించి బెంగపడేసరికి నా కడుపుకి బెంగపడే తీరిక దొరకలేదే. ఇరవై ఏళ్ళకి ఇవాళే తెలిసింది మందు. పద పద!"

అందరికంటే చివర్న ముగింపు గీత దాటారు. మైకు పట్టుకున్నాయన హుషారుగా అరిచాడు: "టైలరుగారు మూడు తలుపులు ముగించుకుని విచ్చేశారు!"

జనం గొల్లుమన్నారు. ఆమె ముందుకొచ్చింది.

"ఆ మూడూ నావండీ!"

చప్పట్లు, ఈలలు. ఆమె సిగ్గుతో చచ్చిపోలేదు సరికదా, ఆకలేస్తోందంది.

బాబాయి మాత్రం మొహం ముడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు, ఒక్క పూటలో ఎత్తుకుపోయావు కదే!"