ఇవాళ ఇక్కడ

అప్పట్లో నాకు అక్షరాలు రావు. అందుకే ఫిల్మ్‌నగర్‌లో నేను వంట చేసిన ఇంటి డబ్బింగమ్మ గురించి ఇన్నేళ్లకు రాస్తున్నాను.

తెర మీద హీరోయిన్లు ఏడిస్తే ఆ ఏడుపు ఆమె గొంతుది. ఇంట్లో ఒళ్లంతా నొప్పని ఏడిస్తే మాత్రం వాళ్లాయన, మా సారు, "రిపోర్టులన్నీ నార్మలే. ఇక్కడ మైకు లేదు, ఆపు" అనేవారు.

పొద్దున కాఫీ ఇవ్వగానే ఆమె ఒళ్లు తడుముకుని "ఇవాళ ఇక్కడ" అనేది. ఒకనాడు మెడ, ఒకనాడు మోకాళ్లు. ఎంత పడుకున్నా అలసటే. వెలుతురు పడక పరదాలు తీయనిచ్చేది కాదు. డైలాగు మధ్యలో మాటలు మరిచిపోతుంటే పిలుపులు కూడా తగ్గాయి.

కొత్త డాక్టరు నెలరోజులు ఏ రోజు ఎక్కడ నొప్పో రాసుకురమ్మన్నాడు. ఆమె వేళ్లు పెన్ను పట్టలేవు. "నువ్వు రాయవే తల్లీ" అంది. రాదని చెప్పడానికి సిగ్గేసి, రోజూ ఆమె చెబుతుంటే పుస్తకంలో వంకర గీతలు గీశాను.

నెల తిరిగాక ఆసుపత్రి నుంచి వచ్చి పుస్తకం నా ముందు పెట్టింది. "డాక్టరు ముందే మావారు నవ్వారే. 'దీని జబ్బూ ఈ పిచ్చిగీతల్లాంటిదే' అన్నారు."

"నాకు సదువు రాదమ్మా. మీరెంతసేపు చెప్తే అంతసేపు గీసిన."

ఆమె ఒక పొడుగాటి గీతను వేలితో తడిమింది. "ఈ రోజు చాలాసేపు చెప్పానన్నమాట" అంది. తిట్టలేదు.

మర్నాడు పొద్దున పళ్లెంలో బియ్యం పోసుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

"ఇయ్యాల ఎక్కడమ్మా? ఫస్టు అదే నేర్పుండ్రి."

"మెడ."

నా వేలు పట్టుకుని 'మె' ఒక్కటే దిద్దించగలిగింది. "'డ' రేపే" అని చెయ్యి తీసేసింది. ఆ పళ్లెం కదపకుండా పక్కన పెట్టి, వేరే బియ్యం కడిగి వండాను.