రోహిణి ఎండలో నాలుగు డిగ్రీలు

రోహిణి కార్తెలో మా షెడ్డు రేకుల కింద నిలబడితే ఎవరికైనా కోపం వస్తుంది. నాకు మామూలు రోజుల్లోనే వస్తుంది. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద కార్ల ఏసీలు బాగుచేయడం నా పని. ఊరందరికీ చల్లగాలి ఇచ్చేవాణ్ని, నేను మాత్రం పొద్దస్తమానం చెమటలోనే ఉంటాను.

ఆ మధ్యాహ్నం గురజాల వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన కారు తెచ్చాడు.

"ఏసీ వేస్తే వడగాలి కొడతంది అబ్బాయ్. ఇప్పటికే వేరే షెడ్లల్లో గ్యాసు కొట్టిచ్చా."

"మళ్లీ అక్కడే కొట్టించుకోకపోయావా బాబాయ్, నా దగ్గరికెందుకు?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. బల్ల మీద కూర్చుని, భార్యను డయాలసిస్‌కి ఆస్పత్రిలో దించి వచ్చానని చెప్పాడు. "అది చేయించుకున్నాక మనిషిలో సత్తువుండదు. ఆ వేడికి ఇంటిదాకా వాంతులే. ఇంక రానంటంది. ఇయ్యాల కూడా బతిమాలి తెచ్చా. పోయేదేదో ఇంటికాడే పోతానంటంది." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఛీ, ఏం మాట అన్నాన్రా అనుకుని బానెట్ ఎత్తాను.

గ్యాసు నిండుగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. గాలిని చల్లబరిచే కంప్రెసర్ మాత్రం పట్టుకుని తిరగడం లేదు. బయటి వేడి ఎంతో చూపించే బటన్ నొక్కితే నాలుగు డిగ్రీలని వచ్చింది. నాలుగట! రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే!

ఇలాంటి బళ్లలో ముందు బంపర్ వెనక చిన్న సెన్సార్ ఒకటి ఉంటుంది. బయట ఎండో చలో అదే చెబుతుంది, బండి నమ్ముతుంది. గడ్డకట్టే చలి అని చెబితే, ఇంత చలిలో ఏసీ ఎందుకని కంప్రెసర్‌ను రానివ్వదు. ఎంత గ్యాసు కొట్టినా దండగే.

బంపర్ విప్పాను. గుప్పున కుళ్లు కంపు. నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండలు, ఎండినవి, బూజు పట్టినవి, మొన్నటివి, ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయి. ఆ పుల్లటి రసం కారి సరిగ్గా సెన్సార్ ప్లగ్గులోకి దిగింది. లోపలి పిన్నులు పచ్చగా చిలుమెక్కి సగం అరిగిపోయి ఉన్నాయి.

"ఏంది బాబాయ్ ఇది? బండా, ఊరగాయ జాడీనా?"

"బయట కడితే మేకలు తినిపోతన్నయ్యని మా ఇంటిది లోపలికి దోపుద్ది. అమావాస్య అమావాస్యకీ." తువ్వాలుతో మెడ తుడుచుకుని అన్నాడు, "పోయినేడు ఆస్పత్రి నించి పోతా నేను కునుకు తీశా. బండి రోడ్డు దిగి పత్తి చేలో ఆగింది. మా ఇద్దరికీ ఏం కాలా. అప్పట్నించి కడతంది." అంతలోనే నా చెయ్యి పట్టుకున్నాడు. "దీనివల్లేనని దానికి చెప్పమాక అబ్బాయ్. తెలిస్తే కుమిలిపోద్ది."

పాడైన ప్లగ్గు కోసేసి, కొత్త ప్లగ్గు, కొత్త సెన్సార్ వేశాను. కంప్రెసర్ టక్కున పట్టుకుంది. ఆయన చల్లగాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

మళ్లీ మొరాయిస్తుందేమోనని భయపడి నన్ను కూడా ఆస్పత్రి దాకా రమ్మన్నాడు. వెళ్లాను. ఆయన భార్య గేటు పట్టుకుని బయటికొచ్చింది. చేతికి దూది, ప్లాస్టరు. మనిషి నిలబడలేకపోతోంది, కానీ ముందు చూసింది బండి మూతి వైపు.

"దండేది?"

"వైరు పాడైతే బంపర్ విప్పామమ్మా. కుళ్లినయ్యి తీసేశా," అన్నాను.

"అది లేకుండా నేనెక్కను."

"లోపల చానా చల్లగుందే. ఒకసారి ఎక్కి చూడు," అని ఆయన తలుపు తెరిచాడు.

"నాకు చల్లగుంటే నీకు కునుకు పట్టదా?" అంది ఆమె. గేటు పక్క అరుగు మీద కూలబడింది.

తన వాంతులూ తన నీరసమూ ఆమె లెక్కలోనే లేవు. నా షెడ్డుకు నేను ఏనాడూ నిమ్మకాయ కట్టలేదు. కట్టేవాళ్లను నోటికొచ్చినట్టు అన్నవాణ్ని. తోపుడుబండి దగ్గరికి పోయి నిమ్మకాయలు, మిరపకాయలు తెచ్చి దారానికి గుచ్చాను. సెన్సార్‌కి దూరంగా, నంబర్ ప్లేటు పక్కన కూర్చున్నాను.

"ఇంకమీదట ఇక్కడే కట్టమ్మా, లోపలికి దోపమాక. మేకలు తింటే నా షెడ్డు కాడ ఆపించు, నేను కడతా."

"కట్టేటప్పుడు ఆయన పేరు అనుకో నాయనా," అంది.

ఆయన్నే పేరడిగి, అనుకుని ఒక ముడి వేశాను. తలెత్తి, "నీ పేరేందమ్మా?" అన్నాను.

"నాదెందుకయ్యా? బండి తోలేది ఆయన."

మధ్యాహ్నం నుంచీ ఆమెను 'మా ఇంటిది' అని తప్ప అనని మనిషి, నా వెనక నిలబడి, మెల్లగా ఆమె పేరు చెప్పాడు.

రెండో ముడి వేశాను. ఆమె లేచి బండెక్కింది.