ఒక్కసారికి పట్టని బటన్

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో కూర్చుని నా భార్యతో ఫోన్లో అరుస్తున్నాను. గట్టు దగ్గర మా చేనులో సీడుపత్తికి నీళ్లు పెట్టాలి. బోరు మోటరు నడవడం లేదట.

"స్టార్టర్ మీది పచ్చ బటన్ ఒక్కసారికి పట్టదు. చెయ్యి పెడితే షాక్ కొడతది. ఎండుకట్టెతోని రెండుసార్లు నొక్కు," అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పక్కసీటాయన నా వైపు తిరిగాడు. "నొక్కుడు నేర్పుతున్నవు. మారిస్తే ఏం పోతది?"

ముక్కూ మొహం తెలియని మనిషి నలుగురి ముందు అలా అనేసరికి నాకు ఒళ్లు మండింది. "నా మోటరు, నా ఇష్టం. నడుమ నీకేంది?"

"నేను చిన్న ఇమానాల మెకానిక్‌ను," అన్నాడు, నాకంటే గట్టిగా. "పైలట్ బటన్ నొక్కి మాట్లాడితేనే రేడియోల వినపడతది. మా దగ్గర ఒక ఇమానంల గా బటన్ సక్కగ పట్టకపోతుండె. రెండుసార్లు నొక్కాలెనని అందరికి తెల్సు. గందుకే ఎవ్వరం మార్చలే. ఇమానం నడుపుడు కొత్తగ నేర్చుకునే పిల్లకు చెప్పుడు మర్చిపోయినం. దిగుతున్ననని చెప్పింది, ఎవ్వరికి వినపడలే. ఇంకో ఇమానం వచ్చి తగిలింది. పిల్ల పోయింది. ఇప్పుడు అన్నిట్ల కొత్త బటన్లు ఏసినం. ఇప్పుడు!"

ముందుసీటు కడ్డీని అరచేత్తో గట్టిగా కొట్టి, మొహం తిప్పేసుకున్నాడు.

ఆయన పేరు కూడా నేనడగలేదు. నా కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే మళ్లీ ఫోన్ చేశాను.

"మోటరు ఏయకు. నేనొచ్చేదాక స్టార్టర్ ముట్టకు."

"చేను ఎండుతది," అంది ఆమె.

"ఎండనీ," అన్నాను.